మబ్బుకంటె ముందు మేల్కొనుట

పాఠకమహాశయా, మీరు ఏడాది పొడుగునను దాచుకొన్న సెలవులను, అంతకంటె కష్టముగా దాచుకొన్న ధనమును చేతబట్టుకొని, సముద్రమధ్యమునందలి ఒక అగ్నిపర్వతద్వీపమునకు బయలుదేరినారనుకొందము. ఛాయాచిత్రములలో చూచిన నీలిసముద్రము, పచ్చని లోయలు, నల్లని లావాశిలలు మీకై వేచియుండునని మీ నమ్మకము. చేరిన మరునాడు తీరికగా తొమ్మిదింటికి ఫలహారము ముగించి, కారెక్కి, గంటకు పైగా కొండదారి ఎక్కి, లోకప్రసిద్ధమైన లోయను చూపు దర్శనస్థలమున నిలిచి చూతురుగదా, ఎదుట తెల్లని గోడ! లోయ లేదు, శిఖరము లేదు, ప్రక్కనున్న ఇనుపకమ్మికి ఆవల పది అడుగుల మేర కనబడదు. "మన అదృష్టం ఇంతే" అని ఇంటాయన నిట్టూర్చును. "నెల చూసుకునే కదండీ టిక్కెట్లు కొన్నాం" అని ఇల్లాలు వాపోవును. మీకెన్నడైనను ఇట్టి అనుభవము కలిగినదా? కలిగియున్నచో తప్పు అదృష్టముది కాదు, నెలది అంతకన్నను కాదు. ఆ ఉదయమే ఏడుగంటలకు అదే కమ్మికి ఆనుకొని నిలిచినవారు లోయను అడుగువరకు చూచి, కన్నులనిండ నింపుకొని, దిగివచ్చుచు దారిలో మీకే ఎదురై యుందురు.

మైదానములలో పుట్టిపెరిగిన మనకు వాతావరణమనగా నెలలపట్టిక. వైశాఖమున వడగాలి గుంటూరునకును వచ్చును, తెనాలికిని వచ్చును, నడుమనున్న పల్లెకును వచ్చును. సముద్రగర్భమునుండి నిట్టనిలువుగా లేచిన ద్వీపమున ఈ పట్టిక చెల్లదు. అక్కడ ఒకే దినమున, ఒకే గడియలో, తీరగ్రామమున ఎండ మాడ్చుచుండ, ఆవలి తీరమున కుండపోతగా వర్షము కురియుచుండ, నడుమనున్న శిఖరముపై గడ్డిపోచలు మంచుచే బిగిసియుండుట సంభవమే. అందుచేత 'ఏ నెలలో పోవలెను?' అను ప్రశ్నకు ముందు మూడు ప్రశ్నలు అడుగ నేర్చుకొనుడు. ఏ వైపు? ఎంత ఎత్తు? ఏ వేళ? ఈ మూడింటికి సమాధానము చెప్పుకొనకుండ అచ్చట ఏ యొక్క దినమునకును కార్యక్రమము వేసికొనకుడు. ఈ అధ్యాయమున నేను చెప్పదలచినది ఇంతే. తక్కినదంతయు దాని వివరణము.

అన్ని ద్వీపములకును సరిపోవునట్లు గాలిలో మాటలు చెప్పుటకంటె ఒక్క ద్వీపమును పట్టుకొని చెప్పుట మేలని, హిందూమహాసముద్రమునందలి రీయూనియన్‌ను ఎన్నుకొన్నాను. మడగాస్కరునకు తూర్పున, మారిషసునకు నైరృతిదిశగా సుమారు 200 కిలోమీటర్ల దూరమున, 2,512 చదరపు కిలోమీటర్ల వైశాల్యముగల భూమి అది. 1946 నుండి ఫ్రాన్సుదేశపు జిల్లాలలో నొకటి. ద్వీపమంతయు రెండు కొండలు. ఒకటి పితోన్ దె నేజ్, అనగా మంచుశిఖరము. 3,070 మీటర్ల ఎత్తున వేలయేండ్లుగా నిద్రించుచున్నది. రెండవది పితోన్ ద లా ఫుర్నేజ్, అనగా కొలిమిశిఖరము; 2,632 మీటర్లు; పేరునకు తగినట్లు నేటికిని తరచుగా రగులుచునే యున్నది.

ఈ ద్వీపమును ఎన్నుకొనుటకు నాకు మరియొక కారణము కలదు. వికారాబాదు కొండలలోను, ఆదిలాబాదు నల్లరేగడి చేలక్రిందను పరచియున్న నల్లరాయి ఏ అగ్నిచేత కరగి పొంగినదో, ఆ అగ్నియే నేడు రీయూనియన్ క్రింద మండుచున్నదని భూగర్భశాస్త్రజ్ఞుల అభిప్రాయము. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట భారతభూఖండము ఆ తప్తస్థానముమీదుగా ఉత్తరమునకు సాగిపోవుచు దక్కను పీఠభూమిని మూటగట్టుకొని వచ్చినది. దాని వెనుక సముద్రపుటడుగున లక్షదీవులు, మాల్దీవులు నిలిచిన గట్టు ఏర్పడినది. పిదప మారిషసు, చిట్టచివర రీయూనియన్. కావున ఆ ద్వీపము మన నల్లరేగడికి కడగొట్టు చెల్లెలు. మనుష్యులబంధము కూడ కలదు. 1820ల చివరి సంవత్సరములలో, ఫ్రెంచివారి యేలుబడిలోనున్న యానామునుండి తెలుగు కూలీలు కొందరు చెరకుతోటల పనికై అక్కడకు ఓడలెక్కిరి. ద్వీపమునకు అప్పుడు బూర్బోన్ అని పేరు.

ఇక పని మాట.

1. గాలి ఏ వైపునుండి వచ్చునో తెలిసికొని బస కుదుర్చుకొనుడు.

సంవత్సరమున అధికభాగము ఈ ద్వీపముపై ఆగ్నేయమునుండి వ్యాపారపవనములు వీచును. సముద్రముపై దీర్ఘయాత్ర చేసి తేమను నింపుకొనివచ్చిన ఆ గాలి తూర్పుతీరమున కొండకు తగిలి, పైకెగసి, చల్లబడి, తాను మోసికొనివచ్చిన నీటిని చాలవరకు అక్కడనే దింపివేయును; శిఖరములు దాటి పడమటికి దిగునప్పటికి దానివద్ద మిగులునది స్వల్పము. పడమటి కనుమలకు ఆవల మంగుళూరున వాన హోరెత్తుచుండ, ఈవల అనంతపురము ఆకాశమువంక చూచుచు కూర్చుండుట మనమెరిగినదే కదా? ఆ కథయే ఇక్కడ అరచేతియంత భూమిలో జరుగుచున్నది. తూర్పు ఎత్తులలో ఏటా పది మీటర్లకు మించి వాన కురియు చోట్లు కలవు. పడమట సాన్ జిల్ తీరమున ముప్పాతిక మీటరైనను పడదు. తుపాను తోడైనప్పుడు ఈ కొండలు ఎంతటి నీటిని రాబట్టగలవో చెప్పుటకు రెండు లెక్కలు చాలును. 1966 జనవరి 7, 8 తేదీలలో ఫోక్-ఫోక్ అను చోట 24 గంటలలో 1,825 మిల్లీమీటర్ల వాన పడినది. 2007 ఫిబ్రవరిలో గామేద్ తుపాను వచ్చినప్పుడు కొమెర్సోన్ బిలమువద్ద 72 గంటలలో 3,900 మిల్లీమీటర్లు దాటినది. హైదరాబాదునకు ఏడాది మొత్తమున వచ్చునది ఇంచుమించు 800 మిల్లీమీటర్లని జ్ఞప్తికి తెచ్చుకొన్నచో, ఆ నగరమునకు రెండేండ్లకు మించి సరిపోవు వాన అక్కడ ఒక్క రాత్రింబగళ్లలో కురిసినదని తేలును.

సాధారణముగా జరుగు పొరపాటు ఏమనగా, అద్దె చౌకయని తూర్పున సాన్ బెన్వా ప్రాంతమున అయిదు రాత్రులకు గది తీసికొనుట. ఒక నవదంపతులు అట్లు చేసిరనుకొందము. మొదటి దినము వాన, రెండవ దినము వాన. మూడవనాడు కిటికీ తెర తొలగించి చూచి, వాననే కాంచి, "ద్వీపమంతా ముసురు పట్టింది, ఇంక గదిలోనే కూర్చుందాం" అని పడుకొందురు. ఆ నిమిషముననే, గంటన్నర ప్రయాణదూరమున, పడమటితీరమున పిల్లలు ఇసుకగూళ్లు కట్టుకొనుచుందురు. కిటికీ మీకు చూపునది మీ వీధి వాతావరణమునే. కావున ఎక్కువ రాత్రులు పడమట సాన్ జిల్, సాన్ లె పరిసరములలోను, ఒకటి రెండు రాత్రులు కొండపైని ఊళ్లలోను ఉండునట్లు బసలు కుదుర్చుకొనుడు; తూర్పును మాత్రము పగటిపూట చూచి వెనుకకు వచ్చుట మంచిది. తూర్పు తక్కువదని నా భావము కాదు; జలపాతములన్నిటిని పోషించునది ఆ వానయే. దానిని చూడబోవలెను గాని దానిక్రింద కాపురము పెట్టనక్కరలేదు.

2. ఎత్తునుబట్టి దుస్తులు సర్దుకొనుడు.

వేయి మీటర్లు ఎక్కినకొలది ఆరు, ఏడు డిగ్రీల వేడి తగ్గుననునది ఉజ్జాయింపు లెక్క. సముద్రపుటొడ్డున 25 డిగ్రీలున్న వేళ 2,300 మీటర్ల ఎత్తున పది డిగ్రీలకు దగ్గర. తెల్లవారుజామున, అందును జూలై ఆగస్టులలో, ఇంకను చాల తక్కువ. దానికి గాలి తోడగును. ఒక కుటుంబము కొలిమిశిఖరము చూడబోయినదనుకొందము. తీరమున ఉక్కపోయుచుండుటచే అందరును నూలుచొక్కాలతోను, చెప్పులతోను కారెక్కిరి. పా ద బెల్‌కోంబ్ అను 2,311 మీటర్ల కనుమవద్ద తలుపు తీయగనే తాతగారు వణకుచు, "తలుపు వెయ్యరా అబ్బాయ్, మీరు చూసి రండి, నేను ఇక్కడే ఉంటాను" అనెను. అంతదూరము వచ్చి, అగ్నిపర్వతపు అంచున, కారు అద్దములోనుండి దానిని చూడవలసివచ్చుట న్యాయమా? ఒక ఉన్నిచొక్కా, గాలిని ఆపు పై అంగీ, మందపాటి మేజోళ్లు, పెద్దలకొక మంకీ క్యాప్, ఒక శాలువ: ఇవి నాలుగు కిలోలకు మించవు. వీటిని హోటలుగదిలో విడువక కారులోనే ఉంచుడు. ఎండ విషయమునను జాగ్రత్త వలయును. చలిగానున్నదని తలకు టోపీ లేకుండ నడచినవారు సాయంకాలమునకు ముఖము కమిలి తిరిగివత్తురు.

ఎత్తు మారినకొలది చెట్టుచేమలు మారుట చూచుచు ఎక్కుడు. పిల్లలకు దానికి మించిన పాఠము లేదు. క్రింద చెరకుతోటలు, వాటిపైన పైరుపొలాలు, ఊళ్లు, ఆపైన పొగమంచు పట్టు ఎత్తున తమరిన్ అడవులు. పేరు విని చింతచెట్టని భ్రమపడకుడు. అది తుమ్మజాతి వృక్షము. దానిపైన మోకాలిఎత్తు పొదలు. చివరకు కొలిమిశిఖరమునకు పోవు దారిలో రహదారి ఒక్కసారిగా క్రిందికి దిగి, ప్లేన్ దె సాబ్ల్ అను మైదానమున పడును. చెట్టు లేదు, పుట్ట లేదు. ఎరుపు, నలుపు, ఊదారంగుల కంకరబూడిద కన్నుచేరునంతమేర పరచియుండును. గంటన్నరక్రితము కొబ్బరిచెట్లక్రింద నుంటిమని మీరే నమ్మజాలరు. కారును తీరికగా నడుపుడు. కొండదారులలో వాంతులయ్యేవారు ఉసిరికాయముక్క గాని నిమ్మకాయ గాని దగ్గర నుంచుకొనుట మరువకుడు. సిలావోస్ అను కొండయూరికి పోవు దారిలో మలుపులు నాలుగువందలని అచ్చటివారు లెక్కచెప్పుదురు.

3. మబ్బుకంటె ముందు మేల్కొనుడు.

ఇదియే అన్నిటికన్న ముఖ్యమైనది గనుక కొంచెము నెమ్మదిగా చెప్పెదను.

రాత్రి కొండ చల్లబడును, చల్లగాలి వాలులవెంట క్రిందికి జారును, ఆకాశము నిర్మలమగును. సూర్యుడు వచ్చి వాలులను వేడిచేయగనే గాలి దారి మార్చి పైకెక్క నారంభించును. సముద్రపు తేమ దానితో ఎక్కును. తొమ్మిది, పది గంటలకు నడికొండకు తెల్లని పట్టీ చుట్టుకొనును. పదకొండింటికి లోయలు నిండును. మధ్యాహ్నము చినుకులు పడిన పడును, లేకున్న లేదు. సాయంకాలమునకు మరల విడును. ప్రతిదినము ఇట్లే జరుగునని ప్రమాణము చేయలేను గాని, పెక్కుదినములు ఇట్లే జరుగును. ఈ కొండకు ఉదయము తెరచు వేళ, మధ్యాహ్నము మూయు వేళ కలవు. దేవాలయమునకు పోవునప్పుడు గర్భగుడి తలుపులు ఎప్పుడు తీయుదురో అడిగి తెలిసికొని పోవు మనము, కొండకు పోవునప్పుడు ఆ ప్రశ్న ఏల అడుగము?

మొదట చెప్పిన దర్శనస్థలము మాయిదో. ఎత్తు సుమారు 2,200 మీటర్లు. సూర్యోదయవేళకు అక్కడ నుండవలెను. జూన్, జూలైలలో అచ్చట ఏడుగంటలకు కొంచెము ముందుగా సూర్యుడుదయించును గనుక తీరమునుండి అయిదున్నరకు బయలుదేరినను చాలును. "అయిదున్నరకా! సెలవుల్లో కూడానా!" అని పిల్లలు గోలపెట్టుదురు. వారికి ఈ రహస్యము చెప్పుడు: ఆ ద్వీపపు గడియారము మనకంటె గంటన్నర వెనుక నడుచును. అక్కడ అయిదున్నర అగునప్పటికి మన యింట ఏడుగంటలు. మీ శరీరము మొదటి రెండు మూడు దినములు ఇంటి గడియారమునే నమ్ముచుండును. కావున ఎత్తైన స్థలములన్నిటిని ఆ మొదటి దినములలోనే పెట్టుకొనుడు. అలారము లేకయే మెలకువ వచ్చును. చాలమంది దీనికి విపరీతముగా, "మొదట సముద్రం దగ్గర విశ్రాంతి తీసుకుందాం, చివర్లో కొండలు చూద్దాం" అని వేసికొందురు. నిద్ర అక్కడి వేళకు అలవాటుపడి, బద్ధకము కుదిరిన పిమ్మట కొండకు బయలుదేరుదురు.

అంత శ్రమపడి లేచినందుకు కనబడునదేమి? మీ కాళ్లక్రింద వెయ్యి మీటర్ల లోతున మఫాత్ అను మహాలోయ. పాతకొండ కుంగియు కోసుకొనిపోయియు ఏర్పడిన మూడు గిన్నెలలో నిది యొకటి. తక్కిన రెండు సలాజీ, సిలావోస్. ఆ రెండింటికి రహదారులున్నవి. మఫాతునకు లేదు. అందు కొన్ని వందలమంది నివసించుచున్నారు. కాలినడకనో హెలికాప్టరుననో తప్ప వారిని చేరు మార్గము లేదు. బియ్యము, మందులు, వంటగ్యాసు గాలిలో దిగవలెను. ఈ గోడలచాటునకు మొదట వచ్చినవారు తోటలయజమానులనుండి పారిపోయిన బానిసలు; వారిలో ఒక నాయకుని పేరే లోయకు నిలిచినది. ద్వీపమున బానిసత్వము 1848 డిసెంబరు 20న రద్దయినది. ఉదయపుటెండలో ఆ లోతున చిన్నచిన్న తిన్నెలపై ఎర్రని, నీలని రేకులకప్పులు మెరయుచుండగా చూచుచు, ఆ నిట్టనిలువు గోడలను చీకటిలో, చెప్పులులేని కాళ్లతో, వెనుక వేటకుక్కలు తరుముచుండ దిగినవారిని తలచుకొనుడు. నాకు ఆ లోయ కేవలము సుందరదృశ్యముగా తోచదు. ఈ మాట మీకు చెప్పకుండ దానిని చూడబొమ్మని పంపుట సరికాదని తలంచితిని.

పదింటికి దిగిరండు. పదకొండింటికి పడమటితీరమున ఎండ ఇంకను నిలిచియుండును. స్నానమునకు అది వేళ. మధ్యాహ్నము భోజనము, కునుకు, సంత. ఇట్లు దినమును తలక్రిందులు చేసికొన్నవారికి ఒక్క దినమే రెండు దినములగును.

4. నెలను ఇప్పుడు అడుగుడు.

వైపు, ఎత్తు, వేళ తెలిసిన పిదప నెల ఉపయోగపడును. ద్వీపము భూమధ్యరేఖకు దక్షిణమున 21 డిగ్రీలకు చేరువ నున్నది గనుక ఋతువులు మనకు వ్యతిరేకము. నవంబరునుండి ఏప్రిలువరకు వేడియు, వానలును, తుపానుల భయమును. మే నుండి అక్టోబరువరకు పొడిగాను చల్లగాను ఉండును. మన పిల్లలకు వేసవిసెలవులిచ్చు మే నెలలో అక్కడ వాన వెనుకబట్టి, జలపాతములింకను నిండుగా నుండును. ఇంతకన్న అనుకూలత ఏమి కావలెను? జూలైనుండి సెప్టెంబరువరకు పోయినవారికి తీరమునుండియే పెద్ద తిమింగలములు కనబడవచ్చును. దక్షిణధ్రువసముద్రమునుండి అవి ఈనుటకై వెచ్చని నీటికి వచ్చును.

సంక్రాంతిసెలవులలో పోక తప్పదన్నచో తుపానుల హెచ్చరికరంగులు ముందే కంఠస్థము చేయుడు. పసుపు: సిద్ధపడుడు. నారింజ: బడులు మూసివేయుదురు, మీరు సామగ్రి సమకూర్చుకొనుడు. ఎరుపు: వీధిలో అడుగు పెట్టరాదు, ఇది సలహా కాదు, ఆజ్ఞ. దానికి మించినది ఊదా. 2024 జనవరిలో బెలాల్ తుపానునకు దానిని ప్రకటించిరి. ఎరుపు ఎత్తివేసిన తరువాత కూడ వాగులు దాటకుడు. అక్కడి వాగులు ఏడాదిలో అధికభాగము ఎండురాళ్లతో నుండును. పైకొండలో వాన పడినప్పుడు, మీ తలపై ఎండ కాయుచుండగనే, నీరు గోడవలె దిగును. కారును చప్టాపై నిలిపి ఛాయాచిత్రములు తీసికొనుట వంటి సాహసము ఏ ఋతువునను వలదు.

5. కొలిమిని పిలువకుడు, అది పిలిచిన పోవుడు.

"మేము వెళ్లేసరికి లావా పొంగుతుందా?" అని అడుగనివారు అరుదు. పొంగవచ్చును, పొంగకపోవచ్చును. ఆశ దానిపై పెట్టుకొని టిక్కెట్టు కొనినవారు, ఎదుటనున్న అద్భుతమును చూడక, లేనిదానికై వగచుచు తిరిగివత్తురు. ఈ పర్వతపు లావా పలుచనిది. అది సాధారణముగా పేలదు, పగులులనుండి ఊటవలె వెలికి వచ్చి ప్రవహించును. ప్రవాహము అధికముగా అంక్లో అను గుర్రపులాడపు ఆకారముగల ఆవరణలోనే సాగును. అందుచేతనే జనులు దానిని దూరమునుండి చూడగలుగుచున్నారు. ఐనను 1977 ఏప్రిల్‌లో లావా ఆవరణమునకు వెలుపల పుట్టి, పితోన్-సాంత్-రోజ్ గ్రామముపైబడి ఇండ్లను కాల్చినది. అచ్చటి చర్చి వాకిటివరకు వచ్చి, దానిని చుట్టుకొని నిలిచినది. నల్లనిరాయి నేటికిని గోడలప్రక్కనే యున్నది. పర్వతపునాడి పట్టి చూచు పరిశీలనాలయము ఆ అనుభవము తరువాతనే వెలసినది. 2007 ఏప్రిల్‌లో శిఖరముపైని దొలొమ్యూ బిలపుటడుగు 300 మీటర్లకు మించి కుంగిపోయినది. అప్పుడు పొంగిన లావా రహదారిని దాటి సముద్రమున పడి క్రొత్తనేలను సృష్టించినది.

పా ద బెల్‌కోంబ్ వద్ద గోడవెంట మెట్లు దిగి ఆవరణలో నడచుటకు దారి కలదు. ద్వారము మూసియున్నచో ప్రక్కనుండి దూరిపోవుట మూర్ఖత్వము. తెరచియున్నచో రాళ్లపై వేసిన తెల్లని గుర్తులను విడువక నడువుడు. మంచు క్రమ్మినప్పుడు ప్రతిరాయియు మరియొక రాయివలెనే యుండును, దిక్కు తెలియదు. బిలపుటంచువరకు పోయివచ్చుటకు అయిదారు గంటలు పట్టును. పిల్లలతోను పెద్దలతోను పోయినవారు దానికి ఆశపడక, మెట్లు దిగిన కొంచెముదూరముననే యున్న ఫోర్మికా లెయో అను చిన్న ఎర్రని గుట్టవరకు పోయి రావచ్చును. అది అగ్నిపర్వతమునకు పసిబిడ్డవలె నుండును. నీరు అక్కడ చుక్క దొరకదు. మనిషికి రెండు లీటర్లు మోయుడు.

నడువలేనివారికి నేను చెప్పునది ఆగ్నేయతీరపు లావారహదారి. గ్రాన్ బ్రూలే, అనగా మహాదగ్ధభూమి, అను ఆ వాలుపై ఏ సంవత్సరపు లావా ఎక్కడ రహదారిని దాటినదో పలకలపై వ్రాసియుందురు. కారు దిగి ఒక్కొక్కచోట వంగి చూడుడు. క్రొత్తరాతిపై మొదట బూడిదరంగు లైకెన్ పట్టును; మన వంటయింటి మసాలాలో వేయు రాతిపువ్వు ఆ కోవకు చెందినదే. కొంత పాతరాతిపై పగుళ్లలో ఫెర్నుమొక్కలు. ఇంకను పాతదానిపై చిన్నచెట్లు. మిక్కిలి పాతరాతిపై అడవియే. కొన్ని కిలోమీటర్లలో మీరు నడచునది కాలము.

6. సముద్రమును నమ్మకుడు.

ద్వీపము వయసున చిన్నది. పగడములు పడమట సుమారు 25 కిలోమీటర్ల మేర మాత్రమే గట్టు కట్టగలిగినవి. ఆ గట్టు లోపలి లోతులేని నీరు, లెర్మితాజ్ వంటి చోట్ల, పిల్లలకును క్షేమము. దానికి వెలుపల సొరచేపల భయముచే, 2013 నుండి, కాపలాగల నిర్ణీతస్థలములలో దక్క స్నానమును నిషేధించిరి. నల్లనిసుక తీరములందమును ఒడ్డున నిలిచి చూడుడు.

7. తిండిని గూర్చి దిగులు వలదు. కాగితములను గూర్చి వలయును.

రీయూనియన్ షెంగెన్ ప్రాంతములోనిది కాదు. ఐరోపాకని తీసికొన్న వీసా ఇక్కడ తనంతట చెల్లునని తలంపక, ముందుగా విచారించుకొనుడు. తిండి మాట వేరు. అచ్చటివారి నిత్యభోజనము అన్నము, పప్పుగింజలు, 'కరీ' అను కూర, 'రుగాయ్' అను కారపు పచ్చడి. శాకాహారులు మాంసపుకూర వదలి 'రి, గ్రేన్, బ్రేద్' అని అడుగుడు. అన్నము, పప్పు, ఆకుకూర వచ్చును. సిలావోస్ లోయలో పండు చిన్నగింజల పప్పు ప్రసిద్ధము.

8. ఒక దినమును దేనికిని కేటాయింపక ఉంచుడు.

ఇన్ని చేసినను, నాలుగింటికి లేచి కొండకెక్కినను, ఒక్కొక్కప్పుడు మబ్బు మీకన్న ముందే వచ్చి కూర్చుండును. అప్పుడేమి చేయుదురు? దర్శనస్థలమున కారులో కూర్చుండి అది విడునని రెండుగంటలు కాచుకొనుట చాలమంది చేయుపని. నేనట్లు చేయవద్దందును. మబ్బు వచ్చినదినమున మబ్బులోనికే పోవుడు. ప్లేన్ దె పల్మీస్త్ మీదుగా బేబూర్, బేలూవ్ అను అడవులకు దారి కలదు. ఆ అడవులు ఎండలో చూడదగినవి కావనను గాని, వాటిని పుట్టించినది మంచు. మంచులోనే వాటికి నిండుతనము. తాటిచెట్టువలె నిలువెత్తు కాండముపై గొడుగు విప్పిన ఫెర్నువృక్షములు, కొమ్మకొమ్మకును నాచుగడ్డము వ్రేలాడు తమరిన్లు, పదిగజముల కావల తెల్లదనములో కరగిపోవు కాలిబాట. శబ్దము లేదు. ఆ ఇంటాయనయు ఆ ఇల్లాలును ఇప్పుడు ఆ బాటపై నిలిచియున్నారనుకొందము. ఆమె చేయిచాచి చూచుకొని, "వాన పడ్డం లేదు కదండీ, తడుస్తున్నామేమిటి?" అనును. ఆయన తలపైకెత్తి చూచును. ఫెర్నాకుల చివరలనుండి, పట్టుకొన్న మబ్బును బొట్టుబొట్టుగా చెట్లు క్రిందికి జార్చుచున్నవి.